1,600 కిలోల ముస్టాంగ్‌కి కొత్త రూల్ టైరు: ముందు ఎడమ టైరు ఎనిమిది ల్యాపులకే కరిగిపోతోంది

డాలస్_బండోడు
అన్నలూ, నాది 2011 ముస్టాంగ్ జీటీ, 5.0 ఇంజను. మూడేళ్లుగా వీకెండ్ రేసులకి వాడుతున్నా. హెల్మెట్, నా పొట్ట అన్నీ కలిపి తూకం మీద 3,520 పౌన్లు, అంటే దాదాపు 1,600 కిలోలు. ఈ సీజన్ నుంచి మా క్లాసులో పాత మెత్తటి రేస్ టైరు తీసేసి, అందరూ 200 ట్రెడ్‌వేర్ (టైరు మీద రాసే అరుగుదల అంకె) టైరు ఒక్కటే వాడాలని రూల్ పెట్టారు. ఖర్చు తగ్గించడానికేనట. నాకైతే మొదటి నెలలోనే రెండు సెట్లు అయిపోయాయి, ఇక తగ్గిన ఖర్చు ఎక్కడుందో వాళ్లే చెప్పాలి.

మొన్న టెక్సస్‌లోని క్రెసన్ ట్రాక్‌లో 1.7 మైళ్ల సర్క్యూట్, గడియారం దిశలో తిప్పారు, అంటే మలుపుల్లో భారం ఎక్కువగా ఎడమ టైర్ల మీదే. మూడు ల్యాపులు బానే ఉంది. నాలుగో ల్యాపు నుంచి స్టీరింగ్ తిప్పితే బండి ముందు భాగం నేరుగా పోతోంది, ఎవరో రోడ్డుకి వెన్న రాసినట్టు. ఎనిమిదో ల్యాపుకి ముందు ఎడమ టైరు బయటి అంచు ముక్కలు ముక్కలుగా లేచిపోయింది. పాత టైరు మీద నా టైముకి రెండున్నర సెకన్లు వెనకబడ్డా. స్ప్రింగులు మార్చాలా, యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) మార్చాలా, లేక బండి అమ్మేయాలా? సూది పైరోమీటర్‌తో పిట్‌లోకి రాగానే చూస్తే ముందు ఎడమ టైరు బయట 231, మధ్యలో 205, లోపల 178 ఫారెన్‌హీట్. వేడి మీద గాలి 40 పీఎస్ఐ. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలిన కోణం) మైనస్ 2.2 డిగ్రీలు.

చిన్నకారు_పెద్దమనిషి
40 ఎక్కువ బ్రో. నేను అదే టైరు మీద 33లో తిప్పుతున్నా, ఒక్క సమస్యా లేదు. ముందు గాలి తగ్గించు, తర్వాత మిగతావి చూసుకోవచ్చు.

పాతపిట్_బాబాయ్
చిన్నకారు గారూ, మీది మియాటా, రెండు సీట్ల చిన్న కారు, మీ బండి తూకం ఆయన దాంట్లో మూడింట రెండొంతులు. మీ 33 ఆయనకి పనికిరాదు. టైరు మీద బరువు పెరిగినంతగా పట్టు పెరగదు, బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కంటే తక్కువే వస్తుంది. అందుకే బరువు బండ్లకి టైరు మారినప్పుడు కష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది, ఒకపక్క పట్టు తక్కువ, ఇంకోపక్క వేడి ఎక్కువ.

ఇప్పుడు బండోడి అంకెలు చూడండి. 231, 178 కూడి సగం చేస్తే 204.5. మధ్యలో ఉన్నది 205. అంటే ఆయన గాలి దాదాపు సరిగ్గానే ఉంది! గాలి ఎక్కువైతే మధ్య భాగం ఈ సగటు కంటే వేడిగా ఉండేది. ఈ పరిస్థితిలో 33కి దించితే టైరు పక్కగోడ ఇంకా మడతపడి, ఇప్పటికే కాలుతున్న బయటి అంచు ఇంకా కాలుతుంది. తప్పంతా క్యాంబర్‌ది. బయటి కంటే లోపల ఒక 10, 15 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, ఆయనకి బయటే 53 ఎక్కువ.

తమ్ముడూ, నీ బండికి ముందు స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన ఒకే కడ్డీ చక్రాన్ని పట్టుకునే రకం). బాడీ ఒరిగేకొద్దీ టైరు రోడ్డు మీద నిటారుగా నిలబడలేక బయటికి వాలుతుంది. పాత టైరు గోడ గట్టిదయ్యుంటుంది, మైనస్ 2.2తో సరిపెట్టుకుంది. ముందు చక్రాలకి క్యాంబర్ మైనస్ 3.3 దాకా వెళ్లు. స్ట్రట్ పైన ప్లేట్ జరిపితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) కూడా మారుతుంది, అది చూసుకోకుండా ట్రాక్ ఎక్కకు, నేను ఒకసారి ఎక్కి ఒక్క పూటలో టైర్లు అరగదీసేశా. అప్పటికీ చాలకపోతే ముందు యాంటీ రోల్ బార్ ఒక మెట్టు గట్టి చెయ్యి. బార్ గట్టిపడితే ముందు పట్టు తగ్గుతుందని అందరూ అంటారు, మామూలుగా నిజమే, కానీ స్ట్రట్ బండిలో ఒరగడం తగ్గి టైరు సరిగ్గా ఆనితే ఒక్కోసారి పట్టు పెరుగుతుంది. వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) కదా, అక్కడ క్యాంబర్ జోలికి పోలేవు, గాలితోనే సర్దుకోవాలి. స్ప్రింగులు చివరిమాట.

ఇంకోటి, కొత్త టైరు నిండు ట్రెడ్‌తో (రోడ్డుకి ఆనే గాట్ల పొర) ఉంటే ఆ రబ్బరు దిమ్మెలు అటూ ఇటూ కదిలి కదిలి వేడెక్కుతాయి. మీ రూల్‌బుక్ ఒప్పుకుంటే ట్రెడ్ మందం కొంత చెక్కించుకో.

లారీ_వాళ్లబ్బాయి
మా నాన్న రాడ్డుతో టైరు మీద ఒక్క దెబ్బ కొట్టి, ఆ చప్పుడు బట్టి గాలి ఎంతుందో చెప్పేసేవాడు, చాలాసార్లు సరిపోయేది కూడా. మనకి ఆ చెవి లేదు కాబట్టి సూది మీటరు తప్పదు. కూల్ డౌన్ ల్యాపు తిరగకుండా నేరుగా లోపలికి వచ్చి చూడు, లేకపోతే అంకెలు అబద్ధం చెబుతాయి.

ఆ 200 అంకె గురించి కూడా ఒక మాట. అది పట్టుకి కొలత కాదు, అరుగుదలకి కొలత. పరీక్షేమో మన టెక్సస్‌లోనే, శాన్ ఏంజలో చుట్టూ 400 మైళ్ల దారిలో మొత్తం 7,200 మైళ్లు తిప్పి, ప్రమాణ టైరుతో పోలుస్తారు. నంబరు మాత్రం కంపెనీయే ఇచ్చుకుంటుంది. కాబట్టి రెండు 200 టైర్లు ఒకటే అనుకోవద్దు, పక్క క్లాసు వాళ్ల సెటప్ కాపీ కొట్టొద్దు.

చిన్నకారు_పెద్దమనిషి
బాబాయ్ గారూ, సగటు లెక్క నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. నా అంకెలు కూడా తీసి చూస్తా.

డాలస్_బండోడు
మళ్లీ వెళ్లొచ్చా. క్యాంబర్ మైనస్ 3.4, టో సరిచేశా, బార్ ముట్టుకోలేదు, ట్యాంకు సగమే నింపా (నిండు ట్యాంకుకీ సగానికీ తేడా దాదాపు 50 పౌన్లు, అరగంట రేసుకి నిండా ఎందుకు మోస్తున్నానో నాకే తెలీదు). ముందు ఎడమ టైరు బయట 196, మధ్య 203, లోపల 209. గాలి 38. పదకొండు ల్యాపులు తిరిగినా అంచు నున్నగానే ఉంది. ఇంకా పాత టైముకి సెకను వెనకే ఉన్నా, బ్రేకు కొట్టినప్పుడు మునుపటంత ఆగట్లేదు, ఏబీఎస్ కాస్త ముందే మొదలవుతోంది. బాబాయ్, అది ఈ క్యాంబర్ వల్లేనా?

పాతపిట్_బాబాయ్
అవును, నేరుగా వెళ్లేటప్పుడు లోపలి అంచు మీదే ఎక్కువ బరువు పడుతుంది కదా. క్యాంబర్ పావు డిగ్రీ వెనక్కి తెచ్చి, అప్పుడు బార్ ఒక మెట్టు బిగించి చూడు. రెండూ ఒకేసారి మాత్రం మార్చకు.