అకాడియన్ తీరం వెంట అక్టోబరు ప్రయాణానికి సలహా కావాలి

నమస్కారం. అక్టోబరు మొదటి వారంలో అమ్మానాన్నలతో కలిసి, కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో మాంక్టన్ నుంచి కారులో బయలుదేరి, షెడియాక్, బుక్టూష్, కూషిబూగ్వాక్ జాతీయ ఉద్యానవనం మీదుగా కారకెట్ వరకూ, వీలైతే మిస్కూ దీవి చివరనున్న దీపస్తంభం దాకా వెళ్లాలనుకుంటున్నాము. 1755లో బ్రిటిష్ వారు మొదలుపెట్టిన బహిష్కరణలో ఊళ్లు పోగొట్టుకున్నా ఫ్రెంచి భాషను వదలని అకాడియన్ల (అక్కడ స్థిరపడిన ఫ్రెంచి వలసదారుల సంతతివారి) జీవితాన్ని దగ్గరగా చూడాలన్నదే నా అసలు కోరిక. వీధి స్తంభాలకు సైతం తమ జెండా రంగులూ పసుపు నక్షత్రమూ వేసుకునే వారి అభిమానం నాకెంతో నచ్చింది. వేసవి ముగిశాక అక్కడ చాలాచోట్ల తలుపులు మూసేస్తారు కనుక, ఆ వారంలో కారకెట్ దగ్గరి అకాడియన్ చారిత్రక గ్రామాన్ని చూడనిస్తారా? శరదృతువులో ఎర్రబారే మిస్కూ పీట్ (కుళ్లిన నాచుతో ఏర్పడిన చిత్తడి) నేలలకు అది సరైన సమయమేనా? నాన్నగారు ఎక్కువసేపు కూర్చోలేరు. 11వ నంబరు రహదారిలో రాత్రి బసకు ఏ ఊరు అనువు? అమ్మ శాకాహారి, పుటీన్ రాపే అనే అక్కడి బంగాళదుంప ఉండల్లోనేమో పంది మాంసం ఉంటుంది. మాంసం లేని స్థానిక వంటకం దొరికే చోటు తెలిసినవారు దయచేసి తెలుపగలరు.