పట్టేసిన రంపం మిషను: బోరింగ్ చేయించాలా, యాసిడ్‌తో కడగాలా, కొత్త కిట్ వేయాలా?

కొబ్బరితోట
మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మా తోటలో కూలిన కొబ్బరి చెట్లనూ, దారికి అడ్డంగా పడిన రెండు వేపచెట్లనూ రెండు రోజుల పాటు నేనే కోశాను. మిషను 45 సీసీది. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్ ఇంజన్) ఆయిల్ కొలిచి మరీ కలిపాను. రెండో రోజు సాయంత్రం ట్రిగ్గర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే తగ్గలేదు. అలాగే కోస్తూ పోయాను. పది నిమిషాలకు ఠక్కున ఆగింది. ఇప్పుడు తాడు లాగితే కదలడం లేదు. ఊళ్లో మెకానిక్ బోరింగ్ చేసి, అంటే సిలిండర్ లోపలి గోడను చెక్కి వెడల్పు చేసి, పెద్ద సైజు పిస్టన్ వేస్తానంటున్నారు. సిలిండర్‌ను యాసిడ్‌తో కడిగితే చాలని కొందరంటున్నారు. విడిభాగాల దుకాణంలో సిలిండర్, పిస్టన్ కలిపి వచ్చే తక్కువ ధర కిట్ తీసుకోమంటున్నారు. కంపెనీ సిలిండర్ కొనే స్తోమత ఇప్పుడు లేదు. ఏది చేయమంటారు?

పాత షెడ్డు
బోరింగే చేయించండి. ఆరెక్స్ 100 బైకులు, పాత స్కూటర్లు ఎన్నో పట్టేసి మా షెడ్డుకు వచ్చేవి. బోర్ చేసి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి పంపితే ఏళ్ల తరబడి తిరిగాయి. రెండూ టూ స్ట్రోక్ ఇంజన్లే కదా.

ఐటీఐ పాఠం
పెద్దవారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఇక్కడ ఒప్పుకోలేను. ఆ బళ్ల సిలిండర్ లోపలి గోడ పోత ఇనుముది. ఎంత చెక్కినా కింద ఇనుమే ఉంటుంది. రంపం మిషను సిలిండర్ మొత్తం అల్యూమినియం. దాని లోపల క్రోమ్ గానీ, నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన నికాసిల్ గానీ పూతగా ఉంటుంది. ఆ పూత మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. బోరింగ్ పనిముట్టు దాన్ని గీకేస్తే మిగిలేది మెత్తటి అల్యూమినియం. దాని మీద అల్యూమినియం పిస్టన్ ఆడితే కొద్దిసేపట్లోనే మళ్లీ పట్టేస్తుంది.

అంతకన్నా ముందు, కొబ్బరితోట గారూ, ఇంజన్ నిజంగా పట్టేసిందా? తాడు కదలకపోతే తప్పు ఇంజన్‌దే అనుకోవద్దు. బార్, చైను తీసి పక్కన పెట్టండి. క్లచ్ దగ్గర పొట్టు, చెక్కముక్క ఇరుక్కుని ఉండవచ్చు. తాడు ఉన్న కవరు విప్పి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పండి. అది తిరిగితే తప్పు తాడు చుట్టలో ఉంది. తిరగకపోతే ప్లగ్గు తీసి మళ్లీ తిప్పండి. లోపల పెట్రోలు నిండిపోయినా పిస్టన్ కదలదు, ప్లగ్గు తీయగానే అది బయటికి చిమ్ముతుంది. ఇవన్నీ చూశాక కూడా కదలకపోతే సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో టార్చి వేసి పిస్టన్‌ను చూడండి.

సరుగుడు కూపు
మాది సరుగుడు, జామాయిల్ నరికించే పని. మిషను ఒకరోజు ఆగితే కూలీలందరూ ఖాళీగా కూర్చోవాలి. మేమైతే కిట్ వేయిస్తాం. సిలిండర్, పిస్టన్, రింగులు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి, మధ్యాహ్నానికి మిషను నడుస్తుంది. యాసిడ్ పోసి, గీకి, అది బాగుందా లేదా అని చూసుకుంటూ కూర్చునే తీరిక ఎవరికి ఉంది?

ఐటీఐ పాఠం
మీ తొందర అర్థమైంది. కానీ చౌక కిట్లలో నేను చూసిన దోషం పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచుల్లో ఉంది. వాటిని సరిగా నున్న చేయరు, రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది. పూత పొరలుగా లేచిన సిలిండర్లూ చూశాను. కంపెనీ సిలిండర్ పూత చెడకుండా ఉంటే, దాన్ని పారేసి ఇలాంటిది బిగించడం నష్టమే.

కొబ్బరితోట
చెప్పినవన్నీ చేశాను. ప్లగ్గు తీసినా ఫ్లైవీల్ కదల్లేదు. సైలెన్సర్ విప్పితే పిస్టన్ మీద నిలువు గీతలు కనిపించాయి. సిలిండర్ ఊడదీశాను. గీతలన్నీ సైలెన్సర్ వైపే ఉన్నాయి, కార్బొరేటర్ వైపు నున్నగా ఉంది. సిలిండర్ గోడకు బూడిద రంగు లోహం అంటుకుని ఉంది.

ఐటీఐ పాఠం
గోడకు అంటుకున్నది చాలావరకు పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియమే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాన్ని తినేస్తుంది, నికాసిల్ జోలికి పోదు. దూది పుల్లతో ఆ మచ్చల మీదే కొద్దికొద్దిగా అద్దండి. నురుగు వస్తుంది. తుడిచి, మళ్లీ అద్దండి. పోర్టుల్లోకి మాత్రం పోనివ్వకండి, అక్కడ పూత ఉండదు. మచ్చ పోయాక కూడా ఒకేచోట నురుగు ఆగకపోతే పూత చిరిగి కింది లోహం బయటపడిందని అర్థం. ఇక ఆ సిలిండర్ పనికిరాదు. నురుగు ఆగితే వంటసోడా నీళ్లతో కడిగి ఆరబెట్టండి. వేలిగోరుతో గోడను గీసి చూడండి, ఎక్కడా తగలకూడదు.

ఆరుబయట చేయండి. చేతికి రబ్బరు తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. దగ్గర్లో బ్లీచింగ్ పౌడరు ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. క్రాంక్ బేరింగుల దగ్గరికి యాసిడ్ సీసా తీసుకుపోనే వద్దు.

గాలి ఎక్కడ?
అందరూ ఏది మార్చాలన్న దాని మీదే వాదిస్తున్నారు. ఎందుకు పట్టిందో ఒక్కరూ అడగలేదు. అది తేల్చకుండా బంగారు పిస్టన్ వేసినా పట్టేస్తుంది.

గీతలు ఎక్కడ ఉన్నాయన్నదే మన సాక్ష్యం. ఆయిల్ కలపని పెట్రోలు పోస్తే గీతలు సాధారణంగా చుట్టూ పడతాయి. ఫిల్టరు దాటి దుమ్ము వెళితే కార్బొరేటర్ వైపు అరుగుతుంది. సైలెన్సర్ వైపు మాత్రమే ఉంటే వేడి ఎక్కువైంది, అంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైంది. పైగా ట్రిగ్గర్ వదిలినా వేగం తగ్గలేదని మీరే రాశారు. అది ఎక్కడి నుంచో దొంగగాలి లోపలికి వెళుతోందని ఇంజన్ వేసిన కేక. ఆ క్షణంలో స్విచ్ ఆపి ఉంటే పిస్టన్ మిగిలేది. తప్పుపట్టడానికి కాదు, చదివే మరొకరి మిషనైనా దక్కుతుందని చెబుతున్నాను.

కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి. క్రాంక్ గదిలోని ఒత్తిడిని కార్బొరేటర్‌కు చేర్చే సన్నని ఇంపల్స్ గొట్టం చూడండి. క్రాంక్ రెండు చివరల ఆయిల్ సీళ్లు చూడండి. తిరిగి బిగించాక సైలెన్సర్ రంధ్రాన్నీ, కార్బొరేటర్ దారినీ సైకిల్ ట్యూబు ముక్కలతో మూసి, చేతిపంపుతో అర బార్ ఒత్తిడి మాత్రమే పెట్టి, సబ్బునీళ్లు పూయండి. బుడగ వచ్చిన చోటే దొంగ ఉంది. ఒక్కోసారి ఒత్తిడికి ఆగిన సీలు, గాలిని లోపలికి పీల్చేటప్పుడు వదిలేస్తుంది. అందుకే లోపలి గాలిని లాగి చూసే వాక్యూమ్ పరీక్ష కూడా చేయాలి.

సరుగుడు కూపు
ఇది ఒప్పుకుంటున్నాను. మాకు ఒకే మిషనులో ఏడాదికి రెండు కిట్లు పోయాయి. సీళ్లు ఎప్పుడూ చూడలేదు.

పాత షెడ్డు
పూత సంగతి నాకు తెలియదు. తెలియకుండానే ఇలాంటి సిలిండర్లు రెండు బోర్ చేసి ఇచ్చాను, రెండూ తిరిగి వచ్చాయి. ఇకపై ఈ పని ఒప్పుకోను. అయితే ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. దాని వల్ల పట్టి ఉండదా?

గాలి ఎక్కడ?
దానికీ వాటా ఉంది, పెద్దాయనా. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత పెట్రోలుకు తగ్గట్టు తిప్పి ఉంచిన కార్బొరేటర్ స్క్రూ మీద మిశ్రమం కాస్త పలచబడుతుంది. చాలా రంపం మిషన్ల మాన్యువళ్లు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీరు పీల్చుకుంటుంది, రబ్బరు గొట్టాలను గట్టిపరుస్తుంది. కానీ కారణం పెట్రోలు ఒక్కటే అయితే స్క్రూ తిప్పి మిశ్రమంలో పెట్రోలు కాస్త పెంచుకుంటే సరిపోయేది. వేగం దిగకపోవడానికి చిల్లే ముందు వెతకాలి.

చైను సంగతీ అడగాలి. కొబ్బరి మాను పీచు చైనును త్వరగా మొద్దుబారుస్తుంది. పదునుంటే పొట్టు పలుకులుగా రాలుతుంది, లేకపోతే పిండిలా వస్తుంది. పిండి వస్తున్నా నొక్కి కోస్తే ఇంజన్ నిమిషాల తరబడి పూర్తి బరువు మీద కాగుతుంది.

కొబ్బరితోట
పిండిలాగే వచ్చింది. రెండో రోజంతా.

రబ్బరు గొట్టం దొరికింది. మామూలుగా చూస్తే బాగానే ఉంది, వంచితే అడుగున వేలిగోరంత చీలిక విచ్చుకుంది. యాసిడ్ అద్దాను, నాలుగో సారికి నురుగు ఆగింది, గోరు ఎక్కడా తగల్లేదు. కిట్ వద్దని దుకాణంలో చెప్పి పిస్టన్, రింగులు, పిస్టన్ పిన్నును పట్టి ఉంచే సర్‌క్లిప్పులు, రబ్బరు గొట్టం, రెండు సీళ్లు రాయించాను. పిస్టన్ మీద బాణం గుర్తు ఎటు ఉండాలి?

ఐటీఐ పాఠం
సైలెన్సర్ వైపు. రింగు మూతులు పిస్టన్ గాడిలోని చిన్న మేకు దగ్గర కలిశాయో లేదో చూసుకుని సిలిండర్ దించండి. పాత సర్‌క్లిప్పులు మళ్లీ వాడకండి.