ఇంటర్ పిల్లలకు సంఘంలో పెద్దల తోడు ఎలా ఏర్పాటు చేయాలి?

అందరికీ వందనాలు. మాది గుంటూరులో చిన్న లూథరన్ క్రైస్తవ సంఘం. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ ఈ ఊరొచ్చి బడులు పెట్టినప్పటి నుంచీ ఇక్కడ సంఘం, చదువు కలిసే నడిచాయి. సండే స్కూల్, వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) బాగానే జరుగుతాయి. ఇంటర్‌లో హాస్టల్‌కి వెళ్లాకే పిల్లలు దూరమైపోతున్నారు. ఆదివారాలూ పరీక్షలే!

మార్కుల టెన్షన్ ఇంట్లో చెప్పుకోలేని పిల్లలకి, ధైర్యంగా ఫోన్ చేసుకోగలిగే పెద్దవాళ్లు ఒక్కరైనా ఉండాలని నా తపన. అందుకే ఒక్కొక్కరికీ సంఘంలో ఒక అంకుల్‌నో ఆంటీనో తోడుగా పెట్టాలనుకుంటున్నాం. తల్లిదండ్రులకు తెలియకుండా, ఒంటరిగా కలవకూడదన్నది మొదటి నియమం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా పిల్లలందరికీ ఇస్తాం.

చర్చిలోగానీ, గుడిలోగానీ, మసీదులోగానీ ఇలాంటిది నడిపినవాళ్లు దయచేసి చెప్పండి. పెద్దల్ని ఎలా ఎంచుకున్నారు? హాస్టల్ పిల్లల్ని ఎప్పుడు కలిసేవారు?