రెండు క్రూయిజ్‌ల మధ్య రోజు అమ్మానాన్నలకి ఎలా గడుస్తుంది?

నమస్కారమండి. మాది అమలాపురం. అమెరికాలో ఉన్న అన్నయ్య అమ్మానాన్నలకి మయామి నుంచి వరుసగా రెండు క్రూయిజ్‌లు బుక్ చేశాడు, ఒక్కోటి 7 రోజులు. ఓడ అదే, గదీ అదే. మధ్యలో ఓడ మొత్తం ఖాళీ చేశాకే కొత్తవాళ్లని ఎక్కిస్తారని, ఉండిపోయేవాళ్లు కూడా దిగి, ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్ట్ చూపించి మళ్లీ ఎక్కాలని తెలిసింది. గది మారదు కాబట్టి సామాను కదపక్కర్లేదట, అదొక్కటే ఊరట.

నా టెన్షనంతా అమ్మ మోకాళ్ల గురించే. మొన్న కోటిపల్లి రేవులో పంటు దిగి, మెట్లెక్కేలోపు మూడుసార్లు కూలబడిపోయింది. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది. అక్కడ పట్టుకోడానికి నేనుండను కదా.

ఇలా వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. లైన్లో ఎంతసేపు నిలబడాలి? మళ్లీ ఎక్కించేదాకా కూర్చోడానికి కుర్చీలుంటాయా? వీల్‌చెయిర్‌కి ముందే చెప్పుకోవాలా, ఆ పొద్దున్న అడిగినా ఇస్తారా? నాన్నగారికి షుగర్, ఎనిమిదింటికల్లా టిఫిన్ పడాలి. దిగేముందు తినే వీలుంటుందా? మందుల సంచీ గదిలో వదలకుండా చేతిలోనే ఉంచుకోమన్నాను, సరేనా? ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అధికారులు ఏం అడుగుతారో చెబితే, ఇక్కడే కూర్చోబెట్టి నేర్పించి పంపిస్తాను.