అప్‌డేట్: 32లోంచి 17 తీస్తే 25 అంటున్న పిల్లలు

తిరుపతిలో రెండో తరగతి పిల్లలు ఒకట్ల స్థానంలో పెద్ద అంకె 7లోంచి చిన్నది 2 తీసేసి 25 వేస్తున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా, పుల్లల కట్టలు వాడమన్నారు. పనిచేసింది!

ఒక్కొక్కరికి 50 చీపురు పుల్లలు, అన్నీ ఒకే పొడవు, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు. 3 కట్టలు, 2 విడి పుల్లలు ముందు పెట్టి 7 తీయమంటే కట్ట విప్పక తప్పదు. అప్పు తెచ్చుకోవడమంటే అదే. 12 విడి పుల్లల్లో 7 పోతే 5, మిగిలిన 2 కట్టల్లో ఒకటి పోతే 15.

అంతకుముందు పదికి గుర్తుగా ఒక ఎర్ర బిళ్ల ఇవ్వడమే తప్పయింది. బిళ్లను విప్పలేరు, లోపలి పది కనబడదు.

30 గుడ్ల అట్టను రెండేసి వరుసలుగా కోస్తే పది గుంతల ముక్కలు మూడొస్తాయి, చింతగింజలతో లెక్కకు బాగుంటాయి. మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం గింజలు వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి.