జేసన్ వరుసల నుంచి వచ్చే డిక్షనరీలను నమ్మదగిన ఆబ్జెక్టులుగా మార్చే పని ఎక్కడ జరగాలి?

కుండలీకరణం (ప్రశ్న)

నమస్కారం. వాతావరణ కొలతలు పంపే పరికరాల నుంచి మాకు ఒక టెక్స్ట్ ఫైలు అందుతుంది. అందులో ఒక్కో వరుస ఒక్కో జేసన్ (పేర్లను, వాటి విలువలను టెక్స్టుగా రాసే ఫార్మాటు, JSON) ఆబ్జెక్టు. పరికరం ఐడీ, కొలిచిన సమయం, ఉష్ణోగ్రత, తేమ, బ్యాటరీ తగ్గిందో లేదో తెలిపే ట్రూ లేదా ఫాల్స్ విలువ, వీటితోపాటు అక్షాంశ రేఖాంశాలున్న ‘స్థానం’ అనే లోపలి ఆబ్జెక్టు ప్రతి వరుసలోనూ ఉంటాయి. పైథాన్‌లో ఫైలును వరుసవారీగా చదివి, ప్రతి వరుసనూ జేసన్ మాడ్యూల్‌లోని లోడ్స్ ఫంక్షన్‌కు ఇస్తున్నాను. ఫైలు మొత్తాన్ని ఒకేసారి ఇస్తే మొదటి ఆబ్జెక్టు ముగిసిన చోటే ‘ఎక్స్‌ట్రా డేటా’ అనే ఎర్రర్ వస్తుంది కనుక ఈ పద్ధతి ఎంచుకున్నాను.

చదవడం వరకు ఇబ్బంది లేదు. అయితే చేతికి వచ్చేది డిక్షనరీ (కీ పేరు ఇస్తే దాని విలువను ఇచ్చే నిర్మాణం) కావడం వల్ల, ప్రోగ్రాములో ఏ మూలకు వెళ్లినా చదరపు బ్రాకెట్లలో కీ పేర్లు రాయవలసి వస్తోంది. కొన్ని పరికరాలు ఉష్ణోగ్రతను అంకెగా పంపితే, మరికొన్ని కొటేషన్లలో పెట్టి స్ట్రింగుగా, అంటే అక్షరాల వరుసగా, పంపుతున్నాయి. కొన్ని వరుసల్లో ఆ విలువ నల్ (విలువ లేదని తెలిపే జేసన్ గుర్తు, null), ఇంకొన్నింటిలో ఆ కీ అసలే లేదు. ఫలితంగా, చదివేటప్పుడు బయటపడవలసిన లోపం ఎక్కడో సగటు లెక్కించే ఫంక్షన్‌లో టైప్ ఎర్రర్‌గా బయటపడుతోంది. అప్పటికి అది ఏ వరుస నుంచి వచ్చిందో తెలుసుకునే మార్గం ఉండదు.

ఆబ్జెక్ట్ హుక్ (ప్రతి డిక్షనరీ తయారవగానే లోడ్స్ పిలిచే మన ఫంక్షన్) ద్వారా ప్రతి డిక్షనరీనీ సింపుల్‌నేమ్‌స్పేస్‌గా మార్చి చూశాను. చుక్క పెట్టి ఫీల్డును పిలవగలుగుతున్నాను గానీ, అసలు సమస్య అలాగే ఉంది. డేటాక్లాస్ (ఫీల్డుల పేర్లు, టైపులు రాస్తే చాలు తయారయ్యే క్లాసు) సరిపోతుందా, లేక ప్రత్యేక లైబ్రరీ అవసరమా? మార్పిడి, తనిఖీ రెండూ ఒకే చోట జరగాలా?

రెండో_కన్ను

లోడ్స్ ఫంక్షన్ చేసేది వ్యాకరణం చూడటం మాత్రమే. బ్రాకెట్లు, కామాలు, కొటేషన్లు సరిగా ఉన్నాయో లేదో చూసి, జేసన్‌లో ఉన్న ఆరు రకాల విలువలను పైథాన్‌లో వాటికి దగ్గరగా ఉన్న వాటిగా మారుస్తుంది. ఉష్ణోగ్రత అంకె అయి తీరాలన్న సంగతి దానికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. ఆ అర్థం చెప్పవలసింది మనమే. దాన్ని డేటా మన ప్రోగ్రాములోకి అడుగుపెట్టే గడప దగ్గరే, ఒక్కసారే చెప్పాలి. గడప దాటి లోపలికి వచ్చిన ఆబ్జెక్టును ఇక ఎవరూ అనుమానించనవసరం లేని స్థితి ఉండాలి.

సింపుల్‌నేమ్‌స్పేస్ వల్ల మీకు మేలు కలగకపోవడానికి కారణం ఇదే. అది బ్రాకెట్‌ను చుక్కగా మార్చిందే తప్ప, లోపలి విలువ గురించి ఏ హామీ ఇవ్వలేదు. పైగా కీ పేరులో హైఫన్ ఉన్నా, ‘క్లాస్’ వంటి పైథాన్ కీవర్డు కీగా వచ్చినా చుక్కతో పిలవడమూ కుదరదు. ఆబ్జెక్ట్ హుక్ లోపలి ఆబ్జెక్టులకు కూడా, లోపలి నుంచి బయటికి వరుసగా, విడివిడిగా పనిచేస్తుంది. తనకు అందినది ‘స్థానం’ డిక్షనరీయో మొత్తం వరుసకు చెందిన డిక్షనరీయో దానికి తెలియదు కాబట్టి, వేర్వేరు క్లాసులు నిర్మించడానికి అది అనువైన చోటు కాదు.

మీ సందర్భంలో ‘స్థానం’, ‘కొలత’ అనే రెండు డేటాక్లాసులు చాలు. డేటాక్లాస్ పైథాన్ 3.7 నుంచి ప్రామాణిక లైబ్రరీలోనే ఉంది. అయితే ఒక విషయంలో చాలామంది పొరబడతారు: ఫీల్డు పక్కన ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అని రాసినంత మాత్రాన డేటాక్లాస్ ఆ టైపును తనిఖీ చేయదు. స్ట్రింగు ఇచ్చినా నోరెత్తకుండా దాచుకుంటుంది. రెండు నక్షత్రాల గుర్తుతో డిక్షనరీని నేరుగా క్లాసులోకి పరిస్తే, కీ తగ్గినా పెరిగినా టైప్ ఎర్రర్ వస్తుంది గానీ, విలువ తప్పుగా ఉంటే ఏమీ రాదు. లోపలి ‘స్థానం’ కూడా డిక్షనరీగానే మిగిలిపోతుంది.

అందువల్ల ప్రతి క్లాసులోనూ ‘ఫ్రమ్_డిక్ట్’ వంటి ఒక క్లాస్‌మెథడ్ (క్లాసు పేరుతోనే పిలిచే ఫంక్షన్) రాయండి. అది డిక్షనరీని తీసుకుని, ఒక్కో ఫీల్డునూ చూసి, మార్చి, ‘స్థానం’ కోసం ఆ క్లాసుకు చెందిన మెథడ్‌ను పిలిచి, అన్నీ సరిపోయాకే ఆబ్జెక్టును నిర్మించాలి. క్లాసుకు ఫ్రోజెన్ పెట్టండి. అప్పుడు సరిచూసిన విలువను తర్వాత ఎవరూ పొరపాటున మార్చలేరు. మీరు అడిగిన చివరి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. తనిఖీ ఒక ఫంక్షన్‌లో, మార్పిడి ఇంకో ఫంక్షన్‌లో పెడితే, తనిఖీ చేయడం మరచిపోయే దారి ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మార్పిడి ఫలితంగానే ఆబ్జెక్టు పుట్టేటట్లయితే ఆ దారి ఉండదు.

రాసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త అవసరం. డిక్షనరీ మీద గెట్ మెథడ్ వాడితే కీ లేకపోయినా, విలువ నల్ అయినా ఒకే నన్ (విలువ లేదని తెలిపే పైథాన్ గుర్తు, None) వస్తుంది. ‘పరికరం కొలిచింది గానీ విలువ దొరకలేదు’, ‘ఈ పరికరానికి ఆ కొలత సామర్థ్యమే లేదు’ అనే రెండు సంగతులు మీకు వేర్వేరైతే, ముందు కీ ఉందో లేదో చూడండి. రెండోది, పైథాన్‌లో బూల్ (ట్రూ, ఫాల్స్‌ల టైపు) అనేది ఇంట్‌కు (పూర్ణాంకాల టైపుకు) ఉపక్లాసు. టైపును పరీక్షించే ఐజ్‌ఇన్‌స్టెన్స్‌తో అంకె అవునో కాదో అడిగితే ట్రూ కూడా అంకెగానే దాటిపోతుంది కాబట్టి బూల్‌ను ముందుగా వేరుచేయాలి. మూడోది, బ్యాటరీ విలువ ఎప్పుడైనా ‘ఫాల్స్’ అనే స్ట్రింగుగా వస్తే దాన్ని బూల్ ఫంక్షన్‌కు ఇవ్వకండి. ఖాళీ కాని ఏ స్ట్రింగైనా అక్కడ ట్రూ అవుతుంది.

దశాంశబిందువు

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అందులో రాని రెండు అంశాలున్నాయి: సమయం, పెద్ద అంకెలు.

జేసన్‌లో తేదీకి ప్రత్యేక టైపు లేదు. అందుకే సమయం స్ట్రింగుగానే వస్తుంది, స్ట్రింగుగానే ఉంచితే ఎర్రర్ కూడా రాదు. ప్రమాదమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది. ఒక పరికరం ‘09:00’ పక్కన ప్లస్ రెండు గంటల తేడాను చూపి పంపిందనుకోండి, ఇంకొకటి ‘08:00’ పక్కన యూటీసీని (ప్రపంచ ప్రామాణిక సమయాన్ని) సూచించే జడ్ అక్షరం పెట్టి పంపిందనుకోండి. స్ట్రింగులుగా క్రమంలో పెడితే ఎనిమిది ముందు వస్తుంది. కానీ మొదటిది యూటీసీలో 07:00 కాబట్టి నిజానికి ముందు జరిగింది అదే. డేట్‌టైమ్‌లోని ఫ్రమ్ఐసోఫార్మాట్ ఈ పని చేస్తుంది, అయితే పైథాన్ 3.11కు ముందు అది చివరనున్న జడ్‌ను అంగీకరించేది కాదని గుర్తుంచుకోండి. మార్చిన తర్వాత టైమ్‌జోన్ సమాచారం లేని విలువను అక్కడే తిరస్కరించడం మంచిది. లేకపోతే టైమ్‌జోన్ ఉన్నదాన్నీ లేనిదాన్నీ ముందువెనుకలు పోల్చినప్పుడు ఎక్కడో టైప్ ఎర్రర్ వస్తుంది.

ఇక అంకెలు. జేసన్ వ్యాకరణం అంకె పొడవుకు హద్దు పెట్టలేదు. కానీ 2017లో వెలువడిన జేసన్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8259, చాలా ప్రోగ్రాములు 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ విలువలనే వాడతాయి కాబట్టి, 9007199254740991 వరకు ఉన్న పూర్ణాంకాల విషయంలోనే అందరికీ ఒకే విలువ అందుతుందని చెబుతుంది. పైథాన్‌లో ఇంట్‌కు ఆ ఇబ్బంది లేదు. కానీ మీ పరికరం ఐడీ అంతకన్నా పెద్ద అంకె అయి, అదే ఫైలును జావాస్క్రిప్టులో ఎవరైనా చదివితే, చివరి అంకెలు మారిపోయిన ఐడీ వారికి అందుతుంది, ఏ ఎర్రరూ రాదు. ట్విట్టర్ 2010లో 64 బిట్ల ట్వీట్ ఐడీలకు మారినప్పుడు, అంకె పక్కనే అదే ఐడీని స్ట్రింగుగా ఇచ్చే మరో ఫీల్డును చేర్చింది ఈ కారణంగానే. కూడికలు, తీసివేతలు చేయని దేన్నైనా, అది చూడటానికి అంకెలాగే ఉన్నా, స్ట్రింగుగా ఉంచాలన్నది నా అభిప్రాయం.

దశాంశాలు ఉన్నవి ఉన్నట్టే కావాలంటే లోడ్స్‌కు పార్స్_ఫ్లోట్ ద్వారా డెసిమల్ క్లాసును ఇవ్వవచ్చు. టెక్స్టులోని అంకెల వరుస ముందుగా ఫ్లోట్ కాకుండా నేరుగా డెసిమల్‌కు చేరుతుంది. ఉష్ణోగ్రతకు అంత అవసరం లేదు, డబ్బు లెక్కలకు తప్పనిసరి. అన్నట్టు, ప్రామాణిక జేసన్‌లో లేని నాన్ (‘అంకె కాదు’ అని తెలిపే ఫ్లోట్ విలువ, NaN), ఇన్ఫినిటీలను పైథాన్ మాడ్యూల్ అడగకుండానే అంగీకరిస్తుంది. సగటులో ఒక్క నాన్ పడినా ఫలితం మొత్తం నాన్ అవుతుంది కాబట్టి, పార్స్_కాన్‌స్టెంట్‌కు ఎర్రర్ లేవనెత్తే ఫంక్షన్‌ను ఇచ్చి దాన్ని ఆపేయండి.

విరామచిహ్నం

రెండో_కన్ను గారు చెప్పిన పద్ధతి రెండు మూడు క్లాసులకు బాగుంటుంది. ఇరవై క్లాసులు, వాటిలో ఒకదానిలో ఒకటిగా జాబితాలు ఉన్నప్పుడు ఆ మెథడ్లను చేత్తో రాయడం విసుగు పుట్టించే పని. విసుగు పుట్టిన చోటే తనిఖీలు తప్పిపోతాయి. అక్కడ పైడాంటిక్ వంటి లైబ్రరీ వాడటమే సబబు. ఫీల్డుల పక్కన రాసిన టైపులనే ఆధారంగా తీసుకుని మార్పిడి, తనిఖీ రెండూ అదే చేస్తుంది, ఏ ఫీల్డులో ఏం తప్పిందో దారి చూపుతూ అన్ని లోపాలనూ ఒకేసారి చెబుతుంది. అయితే అది మామూలుగా ఉదారంగా ఉంటుంది. స్ట్రింగుగా వచ్చిన ‘31.4’ను అడగకుండానే ఫ్లోట్‌గా మారుస్తుంది, ‘ఆఫ్’ అనే స్ట్రింగును కూడా ఫాల్స్‌గా తీసుకుంటుంది. మీ పరికరాలకు ఈ ఉదారత సరిగ్గా సరిపోతుంది. సరిపోని చోట స్ట్రిక్ట్ విధానం ఉంది.

తెలియని ఫీల్డు వస్తే ఏం చేయాలన్నది ముందే నిర్ణయించుకోవలసిన విషయం. బయటి పరికరాలు పంపే డేటాలో కొత్త ఫీల్డును పట్టించుకోకుండా వదిలేయాలి. లేకపోతే వారు ఒక ఫీల్డు చేర్చిన రోజు మీ ప్రోగ్రాము ఆగిపోతుంది. కాన్ఫిగరేషన్ ఫైలు చదివేటప్పుడు మాత్రం తెలియని కీని తిరస్కరించాలి. అక్కడ అది దాదాపు ఎప్పుడూ అక్షరదోషమే.

భాష మారితే ఈ చిక్కు రూపం కూడా మారుతుంది. గో భాషలో ప్రామాణిక జేసన్ ప్యాకేజీ, కీ లేని ఫీల్డును సున్నా విలువతో వదిలేస్తుంది. సున్నా డిగ్రీలు నమ్మదగిన ఉష్ణోగ్రతే కాబట్టి లోపం ఎవరి కంటా పడదు, పాయింటర్ టైపు వాడితేనే తేడా తెలుస్తుంది. టైప్‌స్క్రిప్టులో పార్స్ ఫలితం పక్కన టైపు పేరు రాయడం కంపైలర్‌కు మనం చెప్పే మాట మాత్రమే, ప్రోగ్రాము నడిచేటప్పుడు దాన్ని ఎవరూ సరిచూడరు.

కుండలీకరణం

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండే క్లాసులు కాబట్టి ప్రస్తుతానికి క్లాస్‌మెథడ్ పద్ధతినే ఎంచుకుంటున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. ఒక వరుస చెడిపోతే మొత్తం ఫైలును ఆపాలా, ఆ వరుసను వదిలి ముందుకు సాగాలా? కొన్ని పాత పరికరాలు సీఎస్వీ (విలువలను కామాలతో వేరుచేసే టెక్స్ట్ ఫార్మాటు) పంపుతాయి, వాటికి కూడా ఇదే క్లాసు వాడవచ్చా?

విరామచిహ్నం

సీఎస్వీ సంగతి నేను చెబుతాను. క్లాసు అదే ఉండవచ్చు, గడప మాత్రం వేరే ఉండాలి. సీఎస్వీలో నల్ లేదు, అంకె లేదు, అన్నీ స్ట్రింగులే. ఖాళీ గడి అంటే ఏమిటో మీరే నిర్ణయించాలి. కనుక ‘ఫ్రమ్_సీఎస్వీ’ అని మరో క్లాస్‌మెథడ్ రాయండి. కామా దగ్గర స్ప్లిట్ చేయకండి. 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4180 ప్రకారం కొటేషన్ల లోపల కామా, కొత్త వరుస రెండూ ఉండవచ్చు. సీఎస్వీ మాడ్యూల్ వాడి, ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్‌కు ఖాళీ స్ట్రింగు ఇవ్వండి. మొదటి కాలమ్ పేరు కళ్ల ముందు ఉన్నా కీ ఎర్రర్ వస్తుంటే, పేరుకు ముందు కనిపించని బామ్ గుర్తు (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్‌ను తెలిపేది) ఉందన్నమాట. ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్‌గా మార్చితే పోతుంది. డిక్ట్‌రీడర్ అదనపు గడులను నన్ అనే కీ కింద జాబితాగా పెడుతుంది, తగ్గిన గడులను నన్‌తో నింపుతుంది. ఆ రెండూ కనిపించిన వరుసను తిరస్కరించండి.

మధ్యలో ఎవరూ ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేయకుండా చూసుకోండి. సున్నాతో మొదలయ్యే ఐడీలు ముందరి సున్నాలను పోగొట్టుకుంటాయి. ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తున్నందువల్ల, మానవ జన్యువులకు పేర్లు నిర్ణయించే కమిటీ 2020 నాటికి ఆ పేర్లనే మార్చుకోవలసి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను మార్చలేక శాస్త్రం పేరు మార్చుకున్న సందర్భం అది.

రెండో_కన్ను

చెడిన వరుస గురించి: ఒక వరుసకూ ఇంకో వరుసకూ సంబంధం లేని కొలతలు కాబట్టి, వదిలి ముందుకు సాగడమే సరైనది. అయితే వదిలిన వరుసను పారేయకూడదు. వరుస సంఖ్య, కారణం, మార్పు చేయని అసలు టెక్స్టు మూడింటినీ వేరే ఫైలులో రాయండి. తిరస్కరించిన వరుసల నిష్పత్తి మీరు పెట్టుకున్న హద్దు దాటితే మాత్రం ఆపేయండి. అప్పుడు చెడింది ఒక వరుస కాదు, పంపేవారి ఫార్మాటే మారి ఉంటుంది.

ఎర్రర్లను పట్టేటప్పుడు ‘ఎక్సెప్షన్’ అనే అన్నింటినీ మింగే వల వేయకండి. మీ ప్రోగ్రాములోని అక్షరదోషం కూడా అందులో పడి చెడిన వరుసగా నమోదవుతుంది. జేసన్ డీకోడ్ ఎర్రర్, వాల్యూ ఎర్రర్‌కు ఉపక్లాసే గానీ, కీ ఎర్రర్, టైప్ ఎర్రర్ కావు. కాబట్టి ‘చెల్లనికొలత’ వంటి మీ సొంత ఎర్రర్ క్లాసు ఒకటి పెట్టుకుని, ‘ఫ్రమ్_డిక్ట్’ తాను గుర్తించిన ప్రతి లోపాన్నీ ఫీల్డు పేరుతో సహా ఆ రూపంలోనే లేవనెత్తేలా చేయండి. చదివే లూపు పట్టవలసింది దాన్నీ, జేసన్ డీకోడ్ ఎర్రర్‌నూ మాత్రమే.

చివరి వరుస విషయంలో ఒక మినహాయింపు ఉంది. పరికరం ఇంకా రాస్తుండగానే మీరు ఫైలు చదివితే, ఆఖరి వరుస సగంలో తెగి ఉంటుంది. చివర న్యూలైన్ లేని వరుసను తిరస్కరించిన వాటిలో చేర్చకుండా, అది ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకుని తర్వాతిసారి అక్కడి నుంచే చదవండి.