తాత తెచ్చిన జామ్: ఇది మనవరాలి కవితా, రాజకీయ కవితా?

గోదారిగట్టు:
ఫ్రెంచ్ కవి విక్టర్ హ్యూగో 1877లో తన మనవల మీద ఒక కవితా సంపుటి తెచ్చాడు. అందులో ఒక కవిత మీద మా మిత్రుల మధ్య పేచీ. ఏదో అల్లరి చేసిందని ఆయన మనవరాలు చిన్నారి ఝాన్‌ను చీకటి గదిలో పెట్టి ఉత్త రొట్టె ఇస్తారు. తాత చాటుగా వెళ్లి జామ్ అందిస్తాడు. తెలిసి ఇంట్లోవాళ్లు విరుచుకుపడతారు: మీ గారాబం వల్లే పిల్ల మాట వినడం లేదు, ఇలాగైతే పాలన సాగదు అని. తాత తల దించుకుని, నాకూ ఉత్త రొట్టే పెట్టండి అంటాడు. మూలనుంచి పిల్ల మెల్లగా అంటుంది, అయితే నీకు నేను జామ్ తెచ్చిస్తాలే అని.

ఇందులో రాజకీయం వెతకడం దేనికండీ? ముక్కుకు బొటనవేలు ఆనించను, పిల్లిచేత గీకించుకోను అని ఆ పిల్ల మాటిచ్చే చోటు చూడండి. శిక్ష ఏ తప్పుకో కవితలో ఎక్కడా లేదు, పిల్ల మాత్రం తోచినవన్నీ ఒప్పేసుకుంటోంది. పిల్లల్ని దగ్గరగా చూసినవాడే అలా రాయగలడు.

పాతసంచిక:
వెతకక్కర్లేదు, పైపైనే ఉంది. పిల్లను బహిష్కృతురాలు అంటాడు, జామ్ ఇవ్వడం చట్టవిరుద్ధం అంటాడు, ఇంట్లోవాళ్లను సమాజాన్ని కాపాడేవాళ్లు అంటాడు. పారిస్ కమ్యూన్, అంటే 1871లో ప్రభుత్వం మీద తిరగబడి పారిస్ నగరాన్ని కొన్నాళ్లు ఏలిన ప్రజా పాలన; ఆ తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష పెట్టమని 1876 మేలో ఫ్రాన్స్ సెనేట్‌లో అడిగింది ఈయనే. సెనేట్ ఒప్పుకోలేదు. ఏడాది తిరక్కుండానే ఈ పుస్తకం. ఇలాంటి దయే ప్రజల్ని నాశనం చేసింది అని తాత ‘ఒప్పుకోవడం’ ఉత్త ఎత్తిపొడుపు.

ఇద్దరుపిల్లలతల్లి:
మీరిద్దరూ తాత పక్షమే. కవితలో తల్లికి విడిగా ఒక్క మాట లేదు, కోప్పడే గుంపులో కలిపేశాడు. మా ఇంట్లోనూ ఇదే కథ. జామ్ బదులు ఫోన్, అంతే.

రాత్రిబండి:
అసలు ఇందులో ఇంటినీ రాజకీయాన్నీ విడదీయలేం. ఈ పిల్ల తండ్రి, హ్యూగో కొడుకు చార్లెస్, 1871 మార్చిలో హఠాత్తుగా పోయాడు. పారిస్‌లో అంత్యక్రియలు మార్చి 18న. కమ్యూన్ తిరుగుబాటు మొదలైందీ ఆ రోజే. మే నెలలో బ్రస్సెల్స్‌లో ఉంటూ, పారిపోయి వచ్చిన కమ్యూన్‌వాళ్లకు నా ఇంట్లో చోటిస్తానని హ్యూగో పత్రికకు రాస్తే, రాత్రిపూట ఒక గుంపు వచ్చి ఇంటి మీద రాళ్లు రువ్వింది. మనవలిద్దరూ లోపలే ఉన్నారు. ఝాన్‌కు అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. బెల్జియం చివరికి ఆయన్నే వెళ్లగొట్టింది.

అయితే పాతసంచిక గారూ, మీ వాదన చివరి పంక్తి దగ్గర నిలవదు. క్షమాభిక్ష పైవాళ్లు కిందివాళ్లకు పెట్టేది. ఇక్కడ ఇస్తానంటున్నది ఇంకా చీకటి గదిలోనే ఉన్న పిల్ల! తాతను వదిలేయమని ఎవరినీ బతిమాలడం లేదు. నిన్ను లోపల పెడితే జామ్ సంగతి నేను చూసుకుంటా అంటోంది. పందొమ్మిదేళ్లు ప్రవాసంలో గడిపిన మనిషికి ఆ తేడా తెలీదంటారా?

పాతసంచిక:
లోపల ఉన్నా పెత్తనం పిల్లదే. ఆ కళ్లనిండా అధికారం ఉందని రాసింది హ్యూగోనే కదా. నా మాట మీద నేను ఉన్నా.

గోదారిగట్టు:
రాళ్ల సంగతి బాగుంది. కానీ అది తెలియకుండా చదివినా ఆ చివరి మాటకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. నాకది చాలు.

ఇద్దరుపిల్లలతల్లి:
పెత్తనం పిల్లదే అని ఇప్పటికైనా ఒప్పుకున్నారు, సంతోషం. రేపు అది మళ్లీ పిల్లి జోలికెళ్తే గది తలుపు వేయాల్సింది మాత్రం అమ్మే.